బోటు వెనక పలక

నా చిన్నప్పుడు మా తిరువూరు వైపు నీళ్ళకి ఏ ఇబ్బంది వచ్చినా మందు ఒకటే ఉండేది: మోటారు సైజు పెంచడం. బోరులో నీళ్ళు ఇంకాస్త కిందికి పోతే అయిదు ఎచ్‌పీ తీసి ఏడున్నర దించేవారు. అదీ అందుకోకపోతే పది. గంపలగూడెం దగ్గర పత్తీ మామిడీ పండించే మా మామయ్య ఈ అలవాటులోనే పెరిగాడు. ఆయన ఒక ఏడాది కృష్ణ మధ్యలోని లంకలో మిరప వేయడానికి భూమి కౌలుకు తీసుకుని, కూలీలను దాటించడానికి ఒక పాత ఫైబర్ బోటు కొన్నాడు. దాని ఇంజను గురించి కూడా బోరు మోటారు గురించి ఆలోచించినట్టే ఆలోచించాడు.

బోటుకి వెనక తగిలించి ఉన్న ఎనిమిది ఎచ్‌పీ ఇంజను మొరాయిస్తుంటే, ఊడదీసి ఆటోలో వేసుకుని మా ఊరు తెచ్చాడు. మా ఇంటి పక్కనే ఇంజన్ల సాయిబు గారి షెడ్డు. పొలం ఇంజన్లు బాగుచేయడంలో ఆయన పేరున్నవారు. వయసులో ఉన్నప్పుడు కృష్ణ మీద లాంచీ నడిపారు. మోకాలు అరిగిపోయాక నదిని వదిలి మెట్టకు వచ్చేశారు. నేను అప్పుడు ఆరో తరగతి. బడి నుంచి రాగానే ఆ షెడ్డులో కూర్చుని, ఏ ఇంజనుకి ఏ సైజు పానా పడుతుందో పట్టీ రాసుకోవడం నా సరదా.

సాయిబు గారు ఇంజను విప్పి చూసి, ఇది ఇక పనికిరాదన్నారు. మామయ్య ముందే సిద్ధపడి ఉన్నాడు. నలభై ఎచ్‌పీది ఒకటి సెకండ్ హ్యాండులో దొరుకుతుందని చెప్పాడు.

"బోటుని అడిగారా?" అన్నారు సాయిబు గారు.

"బోటేం చెబుతుందండీ? లాగాల్సింది ఇంజను కదా."

సాయిబు గారు ఒక పాత నూనె డబ్బాను నిలువునా కోసి, షెడ్డు ముందున్న నీళ్ళ తొట్టిలో వేశారు. అది తేలింది. దాని ఒక చివర చిన్న నట్టు పెట్టారు. అప్పటికీ తేలింది. నట్టు తీసి పెద్ద బోల్టు పెట్టారు. ఆ చివర మునిగి, రెండోది పైకి లేచింది. అప్పుడు డబ్బాను వేలితో ముందుకు తోసి ఒక్కసారిగా ఆపారు. డబ్బా వెనకాలే వచ్చిన చిన్న అల దాని అంచు దాటి లోపలికి దూకింది. బోల్టుతో సహా డబ్బా తొట్టి అడుక్కి పోయింది.

"డబ్బా వేరు, బోటు వేరు లెండి," అని మామయ్య నవ్వాడు. కానీ సాయిబు గారంటే ఆయనకు గౌరవం. బోటు వివరాలు తెప్పిస్తానన్నాడు. సాయిబు గారి మోకాలికి అంత దూరం బస్సు ప్రయాణం కష్టం. ఆదివారం నేను మామయ్యతో వెళ్తున్నాను కాబట్టి ఆ పని నాకు పడింది. ఆయన చెబుతుంటే కాగితం మీద నాలుగు వరుసలు గీసుకున్నాను. బోటు పొడవు, వెడల్పు. తయారుచేసినవాళ్ళు బిగించిన రేకు మీద ఎంత ఎచ్‌పీ అని ఉంది. రోజూ ఎంతమంది ఎక్కుతారు. నాలుగోది, ఇంజను తగిలించే వెనక పలక.

"దాని మీద ఫైబర్ పూత ఉంటుంది. కంటికెప్పుడూ కొత్తగానే కనబడుద్ది," అన్నారు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా జానెడుకొకసారి పానాతో కొట్టమన్నారు. టక్కుమంటే లోపలి చెక్క బతికున్నట్టు. మొద్దుగా మోగితే కుళ్ళినట్టు. కుళ్ళిన పలకకి పెద్దదీ చిన్నదీ అని లేదు, మార్చేదాకా ఏ ఇంజనూ తగిలించకూడదు.

ఆదివారం రేవులో టేపు పెట్టి కొలిచాను. పదహారు అడుగులు, అయిదున్నర. రేకు ఊడిపోయి మేకుల రంధ్రాలు మాత్రమే మిగిలాయి. ఎక్కేది ఆరుగురు కూలీ ఆడవాళ్ళూ, మామయ్య. తర్వాత వెనక్కి వెళ్ళి పలక మధ్యలో పానాతో కొట్టాను. టక్కుమంది. ఇంకోటి కొట్టాను. గట్టు మీద క్యారేజీలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు నన్నే చూస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడ, నోట్లోంచి చుట్ట తీసి అడిగింది.

"ఏంటి బాబూ, పుచ్చకాయ బేరమా? పండిందా లేదా?"

అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు. "మా అల్లుడు ఇంజనీరు లెండి," అన్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. పానా సంచిలో పడేసి, నాలుగో వరుసలో 'గట్టిగా ఉంది' అని రాశాను. ఆ తర్వాత ఆ పెద్దావిడే నన్ను పిలిచి, తన క్యారేజీలోని అన్నంలో గోంగూర పచ్చడి కలిపి ఒక ముద్ద పెట్టింది. నవ్వినందుకు కోపం రాలేదు కదా అని అడిగింది.

సాయిబు గారు కాగితం చదివి, పదిహేను ఎచ్‌పీ చాలన్నారు. మామయ్య ఒప్పుకోలేదు. వరదొస్తే ఎదురెక్కాలి, అవతలివాళ్ళ బోట్లన్నీ పెద్ద ఇంజన్లవే అన్నాడు. "పలక గట్టిగా ఉందని మీ శిష్యుడే రాశాడుగా," అన్నాడు. గట్టిగా ఉన్నా నలభై వద్దు, నేను బిగించనని సాయిబు గారు తేల్చి చెప్పేశారు. మామయ్య ఆ ఇంజను కొని రేవులోనే ఎవరిచేతో బిగించుకున్నాడు. పాతది ముప్పై కిలోలైతే ఇది డెబ్బై పైమాటే. దాన్ని తిప్పే మనిషి కూర్చునేదీ అక్కడే, వెనకే.

పది రోజులు బాగానే నడిచింది. బోటు ముక్కు పైకెత్తి దూసుకుపోతోందని మామయ్య ఫోన్లో మురిసిపోయాడు. పదకొండో రోజు పొద్దున, లంక దగ్గరపడ్డాక ఎవరిదో వల కనిపించి, ఆయన స్పీడు ఒక్కసారిగా తగ్గించాడు. బోటు లేపిన అలే వెనక నుంచి లోపలికి వచ్చింది. నీళ్ళు చూసి కంగారుపడి, గట్టు చేరుకుందామని ఇంజను స్పీడు పూర్తిగా పెంచాడు. కుడి వైపు పలక చీలి ఇంజనుతో సహా ఊడిపోయింది. అయిదుగురు ఆడవాళ్ళూ మామయ్యా తిరగబడ్డ బోటు పట్టుకుని తేలారు. పెద్దావిడ మర్నాడు దిగువన దొరికింది.

నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. షెడ్డు వైపు వెళ్ళడం మానేశాను. రెండు వారాల తర్వాత సాయిబు గారే పిలిపించారు. ఆయన ఆ మోకాలితోనే బస్సులు మారి రేవుకి వెళ్ళొచ్చారట. గోనెసంచిలోంచి పలక ముక్క తీసి బల్ల మీద పెట్టి, నా చేతికి పానా ఇచ్చారు. అంచు నుంచి అంచుకి కొట్టాను. మధ్యలో టక్కుమంది. కుడి చివరికి వచ్చేసరికి శబ్దం చచ్చిపోయింది. ఆయన అక్కడ బొటనవేలితో నొక్కితే చెక్క టీలో ముంచిన రస్కులా రాలింది.

"ఇక్కడ కొట్టావా?"

లేదన్నాను.

ఆయన తిట్టలేదు. జేబులోంచి నా కాగితం తీశారు. నాలుగో వరుసలో 'గట్టిగా ఉంది' కొట్టేసి, దాని పక్కన 'చూడలేదు' అని రాశారు. కింద ఇంకో వరుస గీసి తన పేరు రాసి, దాని ముందు కూడా 'చూడలేదు' అనే రాశారు. "నేను వెళ్ళి చూడాల్సింది. పిల్లాడి కాగితం చూసి పదిహేను అన్నాను," అన్నారు. "మీ మామయ్యకి నా సంగతి నేను చెప్పుకుంటా. నీది నువ్వు చెప్పుకో."

చెప్పాను. "నువ్వు కుళ్ళిందని రాసినా నేను వినేవాణ్ణి కాదులేరా అల్లుడూ," అన్నాడు మామయ్య. ఆ మాట నిజమో, నా కోసం అన్నదో ఆయన పోయేదాకా అడగలేకపోయాను. ఆ ఏడాది మిరప లంకలోనే ఎండిపోయింది. ఆయన మళ్ళీ నది దాటలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం క్రేన్ల తనిఖీ. ఒక్కో ఫారంలో నలభై దాకా గళ్ళుంటాయి. సాయంత్రమయ్యేసరికి సైటు మేనేజరు పక్కనే నిలబడి, అన్నీ బాగానే ఉంటాయి రాసేయండి సార్ అంటాడు. చేయి అందని చోటు ఎదురుగా, చీకటి పడి కనబడని బోల్టు ఎదురుగా నేను 'చూడలేదు' అని రాస్తాను. దానివల్ల పని ఆగుతుంది, మాటలు పడతాను. మర్నాడు నిచ్చెన వేయించుకుని మళ్ళీ ఎక్కుతాను. సుత్తితో ఒక్కో బోల్టూ కొడుతుంటే కింద కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నవ్వు వినబడినప్పుడల్లా నా చెయ్యి ఆగబోతుంది. అప్పుడు గోంగూర ముద్ద రుచి నాలుక మీదికి వస్తుంది. చివరి బోల్టు దాకా కొట్టి, అప్పుడు దిగుతాను.