రాజయ్య కాక నడుము నొప్పి

పుష్యమాసపు చలిలో పొద్దున్నే లారీ ఎక్కగానే స్టీరింగు పక్కనున్న ఎర్ర మీట నొక్కుతాను. కాసేపటికి సీటు వెచ్చబడుతుంది. వెచ్చబడిన రెక్సిన్‌కు ఒక వాసన ఉంటుంది, కొత్త బడిసంచీని ఎండలో పెడితే వచ్చే వాసన. అది ముక్కుకు తగలగానే ఎడమపక్క సీటు వైపు ఒకసారి చూస్తాను. చూడకుండా బండి కదిలించడం నాకు చేతకాదు. అక్కడేముంటుంది? రాజయ్య కాక నాలుగు మడతలు వేసి పరుచుకున్న గొంగడి ఉంటుంది. ఆయన పోయి ఏడాది దాటింది. గొంగడి తీసి దులుపుతాను, ఎండకు వేస్తాను, మళ్లీ తెచ్చి అక్కడే పరుస్తాను.

మీరు ఆయనను చూడలేదు కాబట్టి చెబుతున్నాను. సిద్దిపేటలో మా గల్లీలోనే, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాల. చుట్టమేమీ కాదు, గల్లీ వరుసకు కాక, అంటే బాబాయి. ఆయనకున్నది ఒకటే లారీ, ఆరు టైర్ల బండి. ఆయనతోపాటు మొదలుపెట్టినవాళ్లు రెండోదీ మూడోదీ కొన్నారు. ఈయన మాత్రం ఉన్న ఒక్కదాన్నే సింగారించుకుంటూ కూర్చున్నాడు. అద్దానికి చిన్న గీత పడితే ఆ పూటే మార్చాలి. గ్రీజు తన చేత్తోనే పెట్టాలి. పొద్దున లేవగానే ముఖం కడుక్కోకముందే ఇనుప రాడ్డు పట్టుకొని ఒక్కో టైరునూ కొట్టి, చెవి పెట్టి వినేవాడు. ఆయన భార్య లచ్చవ్వ చిన్నమ్మ గడపలో నిలబడి, "నన్ను గూడ తీస్కపోయి ఆ లారెంట కట్టేయిరాదు? అప్పుడన్న రోజు మొకం జూస్తవు" అనేది. ఆయన నవ్వేవాడు గానీ రాడ్డు కిందపెట్టేవాడు కాదు.

అలాంటి మనిషికి చూపు మందగించింది. బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. డ్రైవర్లను పెట్టుకున్నాడు. ఒకడు చెప్పకుండా మానేశాడు, ఇంకొకడు బండిని గుంతల్లో దూకించి దూకించి ఈయన ప్రాణం తీశాడు. అప్పుడు నేను రైసుమిల్లులో పనిచేసేదాన్ని. కింద పడిన వడ్లు ఊడ్చి ఎత్తడం నా పని. మా పుట్టిల్లు కోహెడ పక్కన; పెళ్లికి ముందు మా బాపు ట్రాక్టరు నేనే నడిపేదాన్ని. ఒకరోజు మిల్లు గేటులో వడ్ల ట్రాలీ అడ్డంగా ఇరుక్కుంది, నడిపేవాడు చాయ్‌కి పోయి పత్తా లేడు. వెనక బండ్లన్నీ ఒకటే హారన్లు. చీపురు పక్కనపడేసి ఎక్కి, ట్రాలీని వెనక్కి తీసి గోడవారకు పెట్టాను. దిగేసరికి, మిల్లుకు లోడు కోసం వచ్చిన రాజయ్య కాక ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"లారీ నడుపుడు వస్తదా బిడ్డా?"

"రాదు కాకా. నేర్పితే వస్తది."

"నేర్పుత. గని మస్తు తిడుత."

"తిట్టు. చీపురు పట్టుడుకంటె నయమే గద."

మా ఆయన భయపడ్డాడు గానీ అడ్డు చెప్పలేదు. లారీల అడ్డాలో మాత్రం రోజూ ఇదే ముచ్చట. మిల్లు సావుకారి మొహమాటం లేకుండా చెప్పేశాడు: "రాజయ్యా, నీ మొకం జూసి ఒప్పుకుంటున్న. ఆమెతోని ఒక్కటి అటిటు అయినా ఇగ నీ బండికి లోడు ఇయ్య." అంటే నేను తప్పు చేస్తే పోయేది నా స్టీరింగు ఒక్కటే కాదు, ఆయన లారీ కూడా మూలన పడుతుంది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు. కాక మాత్రం సుబ్బరంగా రెండోసారి పెట్టించుకొని తిన్నాడని చిన్నమ్మ చెప్పింది.

నేర్చుకునే మొదటిరోజే తెలిసింది, క్లచ్చు నా కాలికి అందదని. ఎక్కడానికి కూడా కోతిలా వేలాడాల్సి వచ్చేది. నాకు ఏడుపొచ్చింది. "నువ్వు పొట్టి కాదు బిడ్డా, బండే పొడుగున్నది" అన్నాడు కాక. మర్నాడే వెల్డింగు షాపుకు తీసుకుపోయి కింద ఇంకో మెట్టు అతికించాడు. సీటును ముందుకు జరిపించి, కింద చెక్క పెట్టించి ఎత్తు చేయించాడు. ఎడమవైపు నాకు కనబడని జాగాను చూపించడానికి ఇంకో అద్దం బిగించాడు. అన్న మాట ప్రకారం తిట్టాడు కూడా. గేరు గర్రుమంటే చాలు, తన పంటి మీద కొట్టినట్టు మూతి పట్టుకునేవాడు. చివరికి పెద్ద బండి లైసెన్సు చేతికొచ్చిన రోజు ఆ కార్డును ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసుకొని, నాకంటే ఆయనే ఎక్కువ మురిసిపోయాడు.

ఎండలు దంచికొడుతున్న రోజులు. ఆయన పక్కన కూర్చుంటే నేను నడుపుతున్నాను. నాకు నెలనెలా వచ్చే నొప్పి మామూలుది కాదు, నడుమూ కడుపూ కలిపి పిండేసేది. క్లచ్చు తొక్కిన ప్రతిసారీ కళ్లకు చీకట్లు కమ్మేవి. రోడ్డు పక్కన చాయ్ హోటలు దగ్గర ఆపి, సీసాలో వేడినీళ్లు పోయించుకొని, పొట్ట మీద పెట్టుకొని నడిపాను.

"ఏమైంది బిడ్డా?"

"పొద్దుగాల తిన్న ఉప్మా పడలేదు కాకా."

"ఉప్మా గట్లనే ఉంటది తియ్యి" అని కిటికీలోంచి బయటకు చూశాడు. మరుసటి నెల మళ్లీ అదే హోటలు, అవే వేడినీళ్లు. "ఇయ్యాల గూడ ఉప్మానేనా?" అన్నాడు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు.

ఆ తర్వాత వారంలోనే డ్రైవరు సీటు ఊడదీయించాడు. సిద్దిపేటంతా ఉడికిపోతుంటే ఈ మహానుభావుడు సీటులోకి వేడిచేసే బట్ట తెప్పించాడు! కార్లకు వేసేదట. లారీ కరెంటుకు సరిపోయేలా మధ్యలో ఒక చిన్న డబ్బా బిగించి, ఎర్ర మీట పెట్టి, పైన కొత్త రెక్సిన్ కుట్టించాడు. అడ్డాలో జనానికి పండుగే పండుగ.

"గీ ఎండలల్ల హీటర్ సీటేందే కాకా, ఆమ్లెట్ ఏస్తవా?"

"నా నడుము నొప్పికి రా. కాపుకోమని డాక్టరే చెప్పిండు."

"నువ్వు నడుపవు గద! మరి డ్రైవర్ సీటుకెందుకు?"

"బండి ఆగినప్పుడు కూసుంట. నీకేందిరా నొప్పి?"

ఆ రోజు నుంచి ఆయన పేరు హీటర్ రాజయ్య అయిపోయింది. ఎక్కడికి పోయినా అదే ఎగతాళి. అన్నీ పడ్డాడు. నాకు మాత్రం మీట ఎలా నొక్కాలో చూపించి, చాలా సీరియస్‌గా చెప్పాడు: "గిది ఊకె బందువెడితే లోపల తీగెలు ఖరాబయితయి బిడ్డా. నెలకు నాలుగు దినాలన్న ఏసి ఉంచాలె. యాది మరువకు." అలాగే కాకా అన్నాను. మిషన్ల సంగతి ఆయనకు తెలుసు కదా అని నమ్మాను. కనీసం నమ్మాననే అనుకున్నాను.

దసరా వచ్చింది. బండిని కడిగి, బంతిపూల దండలు వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం అందరూ చేసేదే. ఆ ఏడు బండి నా చేతికొచ్చింది కాబట్టి కాక ఇంకో అడుగు ముందుకు వేశాడు. ముందు చక్రాలు రెండూ విప్పి, డిస్కులకు పసుపు రంగు వేసి, దాని మీద ఎర్ర పువ్వులు గీశాడు. ఆ చూపుతో, ముక్కు డిస్కుకు ఆనించి మరీ గీశాడు. వెనకవైపు కూడా వదల్లేదు, నట్లు ఆనే చోటు కూడా వదల్లేదు. రెండు పూతలు. "లోపలెవరు జూస్తరే?" అని చిన్నమ్మ అంటే, "బండి జూస్తది" అన్నాడు. చక్రాలు తనే ఎక్కించి, నట్లు తనే బిగించాడు.

పండుగ తర్వాత మొదటి లోడు హైదరాబాదుకు, బియ్యం బస్తాలు. ప్రజ్ఞాపూర్ దగ్గరపడుతుండగా స్టీరింగు చేతిలో అదోలా ఆడింది. కింద ఎక్కడో టక్కుమంటోంది.

"కాకా, చక్రం సుతరాం బాగలేదు."

"రోడ్డు గతుకులు బిడ్డా. నేను బిగించిన గద. నడువనియ్యి."

ఆయన మాట కాదనడం నాకు అలవాటు లేదు. కానీ చేతులు ఒప్పుకోలేదు. హోటళ్ల ముందు బండి పక్కకు తీసి ఆపేశాను. మా ఖర్మకు సిద్దిపేట లారీలవాళ్లే అక్కడ చాయ్ తాగుతున్నారు. "అగో, ఆడామె బండి ఆగింది!" అని ఒకరు, "అయిపాయె రాజయ్య పని" అని ఇంకొకరు. కాక దిగి రాడ్డుతో కొట్టాడు. మోగాల్సిన చక్రం మూలిగింది. పానా పెడితే నట్లు వేళ్లకు తిరిగినంత తేలిగ్గా తిరిగాయి. దళసరి రంగు మీద బిగించిన నట్లు. కింద రంగు నలిగి రాలిపోయింది, నట్లు వదులైపోయాయి.

"నట్లు జూసుకోకుంటనే బండెక్కిందా గామె?" అన్నాడు ఒకాయన. సావుకారి మాటే చెవిలో గింగిరాలు తిరుగుతోంది. కాక ఆయనకు ఎదురుగా పోయి నిలబడ్డాడు.

"బిగించింది నేను. రంగు పూసింది నేను. గతుకులన్నది గూడ నేనే. నా మాట ఇనకుంట ఆపింది ఆమె. ఇన్నదనుకో, ఇయ్యాల మా ఇద్దరి మీద బట్ట కప్పుతుంటిరి. గిది సావుకారికి గూడ నేనే చెప్త. మీరు చాయ్ తాగుండ్రి."

జాకీ పెట్టి రెండు చక్రాలూ విప్పాం. నట్లు ఆనే చోట, లోపలివైపు, చాకుతో రంగు గీకడం మొదలుపెట్టాడు. ముక్కు ఆనించి గీసుకున్న పువ్వులను ఆయన చేత్తోనే గీకుతుంటే చాకు కోసం చెయ్యి చాపాను. నేను గీకుతానన్నా ఇవ్వలేదు. ఇనుము తెల్లగా తేలాక పానా నా చేతికిచ్చాడు. ఎదురెదురు నట్లు చూసుకుంటూ బిగించాను. అంతా అయ్యాక ఆయన ఎడమవైపు ఎక్కలేదు. తువ్వాల దులుపుకొని భుజాన వేసుకున్నాడు.

"ఇగ నువ్వు పో బిడ్డా. కొంచెం దూరం పోయినంక ఆపి, నట్లు మల్ల బిగించుకో. నేను బస్సుల ఇంటికి పోత."

"ఒక్కదాన్నా?"

"నాకంటె నీకే మంచిగ తెలుస్తున్నది. పక్కన కూసోని నిన్ను ఖరాబు చేసుడెందుకు?"

అద్దంలో చూశాను, నాకోసం ఆయన పెట్టించిన అద్దంలోనే. బస్టాపులో నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆ చూపుకు అంత దూరం కనబడదని నాకు తెలుసు. ఏడుస్తూ నడిపాను, కానీ బాగా నడిపాను. మిల్లు సావుకారి ఆ తర్వాత మా బండికి లోడు ఆపలేదు.

కాక పోయాక, నెల గడిచిన మీదట చిన్నమ్మ దగ్గర కూర్చున్నాను. మాటల్లో అన్నాను, "పాపం కాక, ఆ నడుము నొప్పితోనే గన్ని దినాలు నా పక్కన గొంగడి మీద కూసున్నడు, ఒక్కనాడు గూడ ఆ వేడి సీటు మీద కూసోలే."

చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. "నడుము నొప్పా? మీ కాకకా? దుక్కలెక్క ఉండె గదనే! ఆయన నడుముకేం రోగం!" ఇక ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "ఒకనాడు ఇంటికొచ్చి, పిల్లకు ఉప్మా పడుతలేదే, పొట్టకు వేడి సీస వెట్టుకొని బండి తోలుతున్నదే, నా పానం కలుక్కుమంటున్నది అన్నడు. నెలకోసారి వచ్చే ఉప్మా నొప్పి ఏందో నేనే చెప్పిన. అడిగితే బిడ్డ సిగ్గువడతది అన్నడు. తెల్లారి ఆ సీటు ముచ్చట పట్టుకున్నడు."

ఆ రోజు నేను ఏడ్చినంత ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదు. కన్నవాళ్లతో కూడా చెప్పుకోలేని నొప్పిని ఒక మనిషి కనిపెట్టి, దాన్ని తన నడుముకు తగిలించుకొని, ఊరంతా నవ్వుతుంటే ఏళ్లకేళ్లు మోశాడు.

ఇప్పుడు ఆ లారీనే చిన్నమ్మ దగ్గర కొనుక్కొని నడుపుతున్నాను. ప్రతి దసరాకూ డిస్కులకు పసుపు రంగు వేసి ఎర్ర పువ్వులు గీస్తాను. నావి ఆయన పువ్వులంత అందంగా రావు. నట్లు ఆనే చోట మాత్రం ఇనుము తెల్లగానే ఉంచుతాను. మొన్న ఎండాకాలం అడ్డాలో కొత్తగా వచ్చిన డ్రైవరొకడు నా బండిలోకి తొంగిచూశాడు. ఎర్ర మీట వెలుగుతోంది.

"గిదేందక్కా, గీ ఎండలల్ల హీటర్ సీటు ఎవలికి?"

ఎడమపక్కనున్న గొంగడి సరిచేసి చెప్పాను.

"మా కాకకు. ఆయనకు నడుము నొప్పి."