ఆ కాలిన వాసన

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మహబూబాబాద్‌లో మాకు ఫొటో స్టూడియో ఉండేది. ఆ రోజు బంద్. మావారు షట్టర్ సగం దించి రాస్తారోకోకు వెళ్లారు. నేను లోపల కంప్యూటర్ ముందు కాపలా కూర్చున్నాను. మా అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లే ముందు చెప్పిన సాక్ష్యం అందులో వీడియోగా తయారవుతోంది. ఆదివారం చర్చిలో సంఘానికి వినిపించాలి. ఆమె గొంతు మరెక్కడా లేదు.

ఉన్నట్టుండి కంప్యూటర్‌లోని ఫ్యాన్ హోరుమంది. తెర మూలన గ్రాఫిక్స్ కార్డు వేడి డెబ్బై ఎనిమిది డిగ్రీలని కనిపించింది. డబ్బా వెనక చెయ్యి పెడితే సెగ కొట్టింది. అంతలో గుప్పున కాలిన రబ్బరు వాసన! "ప్రభువా, అమ్మ గొంతును అగ్నికి అప్పగించకు" అని ఏడుస్తూ నీళ్ల బకెట్ ఎత్తాను.

"ఏయ్, ఆగు! ఏం జేస్తున్నవే?" షట్టర్ కింది నుంచి వంగి వస్తూ మావారు అరిచారు.

"కంప్యూటర్ కాలుతున్నదయ్యా! వాసన వస్తలేదా?"

"గా వాసన టైర్లదే పిచ్చిదానా! చౌరస్తల కాలవెట్టినం. నా అంగి జూడు, గదే వాసన." ఆయన బకెట్ లాక్కుని, డబ్బా వెనక చెయ్యి పెట్టి చూశారు. "వీడియో పని జేసేటప్పుడు కార్డు గింత వేడెక్కుడు మామూలే. ఆ వేడిని ఫ్యాన్ బయటికి తోస్తున్నది, అందుకే గంత సప్పుడు. గా ఫ్యాన్ ఆగితే భయపడాలె. గీ నీళ్లు పోసినవంటే మీ అమ్మ గొంతు నిజంగనే పోతుండె."

నేను ఆ బకెట్ తీసుకెళ్లి బయట పెట్టి వచ్చాను.

ఆదివారం సంఘమంతా అమ్మ గొంతు విన్నది. అగ్ని నుంచి కాపాడమని నేను ప్రార్థించాను. ప్రభువు కాపాడింది మాత్రం నా చేతిలోని నీళ్ల నుంచి.