కుడి భుజం మీద జంధ్యం

ఆదోనిలో చచ్చినవాడెవడూ నేరుగా స్వర్గానికి పోలేడు. ముందు ఇస్సాకు తాత రోలర్ కింద దూరి రావాల్సిందే. ముఖం మీద ఒక్క నలుసు లేకుండా, ఒక్క గాలిబుడగ లేకుండా అక్రిలిక్ షీటులో తళతళా తేలితేనే పైన తలుపు దగ్గర కూర్చున్నవాడు గుర్తుపట్టి లోపలికి రానిస్తాడు. గాజు ఫ్రేముల్లో పోయినవాళ్ళు ఇంకా గేటు బయటే నిలబడి ఉన్నారని వినికిడి. పత్తి వ్యాపారులు, పప్పుల మిల్లువాళ్ళు, ఇద్దరు ప్లీడర్లు, ఒక సూదిమందు డాక్టరు, ఆ డాక్టరు చేతిలో పోయిన రోగులు, అందరినీ తాతే వరసగా సాగనంపాడు.

ఇది తాత చెప్పుకున్న మాట కాదు. ఆయన మనవరాలు హేమ, అంటే ఈ రాత రాస్తున్నది, పదో తరగతి లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్నప్పటినుంచి వీధి వీధీ తిరిగి చెప్పిన మాట. తాత చెవిన పడివుంటే చీపురు తిరగేసేవాడు.

తాత సొంతూరు గోనెగండ్ల. పెళ్ళైన ఏడాది ఆదోనికి వచ్చి, మల్లికార్జునయ్య సావుకారి పత్తి అంగడిలో ఇరవై ఏళ్ళు బేళ్ళు మోశాడు. నడుము పట్టేశాక గోవిందన్న ఫోటో ఫ్రేముల అంగట్లో చేరాడు. మొదట్లో గాజు కోసి, చెక్క ఫ్రేములకు మేకులు కొట్టేవాడు. తర్వాత జనానికి గాజు పాతబడింది, అక్రిలిక్ కావాలన్నారు. ఫోటో ముఖాన్ని అద్దంలాంటి షీటు వెనకవైపు అతికిస్తే, మనిషి నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటాడు. గోవిందన్న ఆ పని నేర్చుకొని రమ్మని తాతను బళ్ళారికి నాలుగు రోజులు పంపాడు. తాత రెండు రోజుల్లో నేర్చుకొని, మిగిలిన రెండు రోజులు బళ్ళారి చూసి వచ్చాడు.

పని చెప్పడానికి సులువే. రెండు పక్కలా గమ్ము ఉండే పల్చటి ఫిల్మును ముందు ఫోటో ముఖానికి పట్టించాలి. ఫిల్ము మీది కాగితాన్ని ఒక అంచున వేలెడంత ఊడదీసి, ఆ అంచును షీటు అంచుకు ఆనించి, ఒక చేత్తో కాగితం లాగుతూ ఇంకో చేత్తో రోలర్ తోస్తూ పోవాలి. అంతే. కాకపోతే ఒకసారి అతుక్కుంటే అతుక్కున్నట్టే. ఊడదీస్తే మనిషి ముఖం పొరలు పొరలుగా చిరుగుతుంది. పైగా షీటు కవరు తీయగానే దానికి ఒకరకం కరెంటు పుట్టి, గాలిలో ఏది కనిపిస్తే దాన్ని లాక్కుంటుంది. ఆదోని గాలిలో ఏముంటుంది? దూది. కార్తీకం నుంచి జిన్నింగు మిల్లులు తిరుగుతుంటే ఊరంతా సన్నటి దూది ఎగురుతూనే ఉంటుంది.

అందుకని తాత మిల్లులు మొదలుకాకముందే, పొద్దున ఆరింటికి అంగడికి పోయేవాడు. నేలకు నీళ్ళు కొట్టి, గోడలకు తడిగుడ్డ తుడిచి, చొక్కా బనీను విప్పి బయట కొక్కేనికి తగిలించి, తువ్వాలు కూడా లేకుండా లోపలికి పోయి తలుపేసుకునేవాడు. ఒకసారి చేతి వెంట్రుక ఒకటి ఒక పెళ్ళికూతురి ముక్కు మీద పడిందని, మంగలి దగ్గరికి పోయి రెండు చేతులూ మోచేతులదాకా గొరిగించుకొని వచ్చాడు.

తాత భార్య రూతవ్వ చూసి నోరు నొక్కుకుంది. “ఏమయ్యా, ఆడోళ్ళ మాదిరి చేతులు గీకిచ్చుకొని వచ్చినావు? ఇంక గాజులు కూడా తెచ్చేదా?”

“తే. గాజులకు దూది పట్టదు.”

అంగట్లో తాతకు ఒక బల్ల ఉండేది. ఆరడుగుల బల్ల, పైన మందపాటి గాజు. ఆ బల్ల ఉన్నన్ని రోజులే తాతకు అంగట్లో చోటు. ఆ సంగతి తాతకూ తెలుసు, గోవిందన్నకూ తెలుసు. గోవిందన్న కూతురు ప్రేమలతకు పెళ్ళయ్యాక అందరికీ ఇంకా బాగా తెలిసింది. ఎందుకంటే అల్లుడు అనిల్ వస్తూ వస్తూ ఒక మిషను గురించి చెప్పాడు. ఫోటో వద్దు, ఫిల్ము వద్దు, రోలర్ వద్దు. షీటు లోపల పెడితే దాని వెనకవైపు నేరుగా రంగులు కొట్టి బయటికి తోసేస్తుంది. మిషను వచ్చింది. వచ్చి, పెట్టడానికి చోటు లేక అంగడి ముందు భాగంలో అడ్డంగా కూర్చుంది. లోపల చోటు ఉన్నది తాత బల్ల దగ్గరే.

“ఇస్సాకూ, నీ కండ్లకు పొర వచ్చినాదప్పా,” అన్నాడు గోవిందన్న ఒకరోజు. “పోయిన నెల ఆ గాయత్రమ్మోళ్ళ ఫోటోలో ఎంటిక ఉండె. ఇంకొక్క కంప్లైంటు వచ్చిందంటే ఈ బల్ల తీపిచ్చి మిషను ఈడ పెట్టిచ్చేస్తా. నన్ను తిట్టుకోవద్దు.”

ఆ వెంట్రుక తాతది కాదు. తాతకు చేతుల మీద లేదు, తల మీద అసలే లేదు. ఆ ఫోటో అతికించిన రోజు అనిల్ బల్ల పక్కన నిలబడి షీటులో ముఖం చూసుకుంటూ తల దువ్వుకున్నాడు. తాత ఆ మాట నోట్లోనే ఉంచుకొని నమిలాడు.

మిషను ఇరవై రోజులు పనిచేసి దగ్గడం మొదలుపెట్టింది. రంగు వచ్చే బెజ్జాలకు దూది పట్టింది. మిల్లుల ఊర్లో దానికి చొక్కా విప్పేవాళ్ళు ఎవరున్నారు? సరిగ్గా అప్పుడే మల్లికార్జునయ్య సావుకారి పోయాడు.

సావుకారి భార్య కృష్ణకుమారమ్మ పెద్దదినానికి నాలుగడుగుల ఫోటో కావాలంది. షష్టిపూర్తినాడు తీసిన ఫోటో ఇచ్చి పంపింది. పీటల మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, భుజాన జంధ్యంతో నవ్వుతున్న సావుకారి. మిషను మూలుగుతున్నది కాబట్టి అనిల్ దాన్ని కాగితం మీద వేయించి తెచ్చి తాత బల్ల మీద పెట్టాడు. రేపు పొద్దున్నే కార్యం.

తాత ఫిల్ము పరిచి, రోలర్ తోసి, దీపం దగ్గరికి లాగి చూశాడు. సావుకారి ఎడమ బుగ్గ మీద కందిగింజంత పుట్టుమచ్చ ఉండేది. దానికి ఒక వెంట్రుక. కూలి పెంచమని అడిగితే చాలు, సావుకారి ఆ వెంట్రుకను మెలిపెడుతూ ఆకాశం వైపు చూసేవాడు. ఇరవై ఏళ్ళు తాత ఆ పుట్టుమచ్చ వైపే నిలబడి అడిగాడు. ఇప్పుడది కుడి బుగ్గ మీద ఉంది.

“అబ్బోడా, సావుకారికి మచ్చ ఎడమ బుగ్గకు కదప్పా ఉండె? ఈడ కుడికి వచ్చినాదే.”

అనిల్ ఫోనులోంచి తలెత్తలేదు. “అక్రిలిక్‌కు అట్లే తిప్పి ఎయ్యల్ల తాతా. ఎనకనుంచి అతికిస్తే సరిపోతాది.”

“అది నీ మిషనుకు. షీటు ఎనక రంగు కొడతాది కాబట్టి తిప్పి ఎయ్యల్ల. ఇది కాగితం. ఎట్లుండేది అట్లే కనపడతాది.”

“నాకు నేర్పిస్తాండావా? నాకు సెప్పేంతటోడివి అయితివా? అతికించేది అతికించు. సగం కండ్లు కనపడవు, పుట్టుమచ్చలు ఎతుకుతాడంట.”

గోవిందన్న పది అడుగుల దూరంలో గల్లాపెట్టె దగ్గరే ఉన్నాడు. తాత అక్కడికి పోయి ఒక్క మాట చెబితే సరిపోయేది. సాయంత్రంలోగా ఇంకో కాగితం వేయించుకొని వచ్చేవాళ్ళు. తాత రెండడుగులు వేశాడు కూడా. వేసి ఆగాడు.

చూడనీ, అనుకున్నాడు. సావుకారి ఇంట్లో, బజారు పెద్దమనుషులందరి ముందర ఈ అల్లుడి తెలివి గోడకెక్కనీ. మచ్చ ఇటు నుంచి అటు పోయిందని నలుగురూ నవ్వనీ. ఎవరి కళ్ళకు పొర వచ్చిందో గోవిందన్నకు అప్పుడు తెలుస్తుంది. బల్ల బల్ల చోటే ఉంటుంది.

వెనక్కి తిరిగి వచ్చాడు. నేల మళ్ళీ తడిపాడు. చొక్కా విప్పాడు. ఊపిరి బిగబట్టి కాగితం లాగుతూ రోలర్ తోశాడు. నాలుగడుగుల షీటులో ఒక్క నలుసు లేదు, ఒక్క బుడగ లేదు. అంత శుభ్రంగా తాత తన జన్మలో ఏదీ అతికించలేదు.

మరుసటి రోజు పొద్దున ఫోటోకు దుప్పటి చుట్టి, రెండో అంచు పట్టుకోవడానికి హేమను వెంటబెట్టుకొని, ఆటోలో సావుకారి ఇంటికి పోయాడు. నడవలో కుర్చీల నిండా వ్యాపారులు, వాళ్ళ మధ్యే గోవిందన్న, అనిల్. పడసాలలో గోడకు మేకులు ముందే కొట్టి ఉన్నాయి. తాత ఫోటో తగిలించి, దుప్పటి లాగి, మెత్తటి గుడ్డతో ఒకసారి తుడిచి పక్కకు జరిగాడు. 

కృష్ణకుమారమ్మ లోపలినుంచి వచ్చింది. పదకొండు రోజుల్లో మనిషి సగమైంది. ఫోటో ముందు నిలబడి, నవ్వబోయి, చేయి ఎత్తింది. ఆ చేయి నలభై ఏళ్ళ అలవాటుగా ఆయన ఎడమ బుగ్గ మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఆమె వేలు షీటు మీద కాసేపు అటూ ఇటూ వెతికి ఆగిపోయింది.

తాత ఎదురుచూసిన నవ్వు ఎవరూ నవ్వలేదు.

పురోహితుడు దర్భలు సర్దుకుంటూ తలెత్తాడు. “ఇదేమిటమ్మా? జంధ్యం కుడి భుజం మీద ఉంది. పోయినవాళ్ళకు పిండం పెట్టేటప్పుడు కదా అట్లా అపసవ్యంగా వేసుకునేది? ఆయన పిండం ఆయనే పెట్టుకోవడానికి కూర్చున్నట్టుంది. ముందు తీయండి దాన్ని, తీయండి.”

కృష్ణకుమారమ్మ అరిచిన అరుపు నడవలోకి వినిపించింది. జంధ్యం సంగతి తాతకు తెలియదు. ఆదివారం చర్చికి పోయే మనిషి, ఏ భుజం మీది దారానికి ఏ అర్థమో ఆయనకెవరు చెబుతారు? ఆయన చూసింది మచ్చ ఒక్కటే.

గోవిందన్న నడవలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫోటో చూశాడు, వెనకే వచ్చిన అల్లుణ్ణి చూశాడు. అల్లుడు గోడ చూశాడు. గోవిందన్నకు సంగతి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. మూడో క్షణంలో చేతులు జోడించాడు. “తప్పైపోయినాదమ్మా. ముసలోడు తిరగేసి అతికించినాడు. కండ్లు కనపడవు, ఇంటికి పొమ్మంటే పోడు. ఈపొద్దుతో మానిపిచ్చేస్తా.”

హేమ నోరు తెరిచింది. తాత ఆమె మణికట్టు పట్టుకొని గట్టిగా నొక్కాడు. ఆ వేళ్ళ గుర్తులు సాయంత్రందాకా పోలేదు.

కృష్ణకుమారమ్మ గోవిందన్న వైపు చూడనే లేదు. “ఆ పిల్లోళ్ళకు తెలీదు, పోనీ. నీకు ఆయన కొత్తా ఇస్సాకూ? ఇరవై ఏండ్లు ఆయన ముందర నిలబడితివే. నీకన్నా కనపడలేదా?”

తాత తల దించుకొని కనపడలేదన్నట్టు ఊపాడు.

నాలుగడుగుల ఫోటోను గోడకు తిప్పి పెట్టారు. పాసుపుస్తకం మీదున్న చిన్న ఫోటోకు దండ వేసి కార్యం కానిచ్చారు. ఆ మధ్యాహ్నమే బల్ల అంగట్లోంచి బయటికి వచ్చింది. టైలరు భీమన్న దాన్ని బట్టలు కత్తిరించుకోవడానికి తీసుకుపోయాడు. మిషను లోపలికి పోయింది. సావుకారి జంధ్యం తిప్పినవాడని ఆదోనిలో తాతకు ఇంకెవరూ పని ఇవ్వలేదు.

ఇప్పుడు తాత రోజూ బస్సెక్కి ఎమ్మిగనూరు పోతాడు. అక్కడ రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఆటోలకు, బండ్లకు రేడియం స్టిక్కర్లు అతికిస్తాడు. నంబర్లు, సింహాల తలకాయలు, ‘అమ్మ దీవెన’లు. దుమ్ములోనే పని. నలుసు పడితే ఎవరూ అడగరు. చొక్కా విప్పాల్సిన పని లేదు. చేతుల మీద వెంట్రుకలు మళ్ళీ పెరిగాయి, అన్నీ తెల్లవి. 

హేమ ఇదంతా నోటుబుక్కులో రాసి, తాత బస్సు దిగి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక చదివి వినిపించింది. స్వర్గం సంగతి మాత్రం దాటేసి చదివింది. తాత గోళ్ళలో ఇరుక్కున్న గమ్మును సూదితో తీసుకుంటూ విన్నాడు. అంతా అయ్యాక హేమ అడిగింది:

“నిజంగా తిరగేసి అతికిస్తే బొమ్మ యాడ కనపడతాది తాతా? కాగితం తెల్ల వీపు కనపడతాది. ఆ ఒక్క మాట అంటే గోవిందన్న నోరు మూతపడుండె. నువ్వు అనలేదు, నన్ను అననీలేదు. ఎందుకు?”

“అంటే ఆయమ్మ ఇంకోటి అడుగుండె. ‘మరి సూసి కూడా ఎందుకు అతికిస్తివి?’ అని. దానికి ఏం సెప్పేది? గోవిందన్న అబద్ధం నాకు సాటుగా దొరికినాది, దాని ఎనక దాక్కుంటి. రాస్తే అది రాయి మే, రాయకుంటే ఊరికుండు. పో, అన్నం పెట్టు.”