ఫోన్ చేయని అంకె

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు సైదులు కేసును నా ఘనకార్యంగా చెబుతుంటారు. "మేడమ్ ఒక్క గీత చూసి క్యాన్సర్ పట్టేశారు" అని. అందులో గీత నిజం, క్యాన్సర్ నిజం, పట్టేయడం మాత్రం అబద్ధం. అంతకు ఎనిమిది నెలల ముందే ఆ జబ్బు నా బల్ల మీదికి వచ్చింది. దాని కింద సంతకం పెట్టి పంపించేసింది నేనే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు, పొగడ్తే బాగుంటుంది కనుక. అందుకే రాస్తున్నాను.

2022 ఏప్రిల్. చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో నేను బయోకెమిస్టుని. సైదులు టైల్స్ వేసే మేస్త్రి. యాభై దాటాయి. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటున్నాడు. నడుం నొప్పి, నీరసం. నొప్పి మాత్రలు తెగ మింగుతున్నాడని డాక్టరు లివర్ పరీక్ష రాశారు.

మా టెక్నీషియన్ పద్మ రక్తం తీస్తుంటే, "గింత రక్తం ఎందుకమ్మా, చారు కాస్తరా ఏంది?" అంటున్నాడు.

"నడుం నొప్పి ఎన్నాళ్ల నుంచండీ?" అని నేనే అడిగాను.

"శానా దినాల సంది మేడమ్. నల్లగొండోళ్లం గదా, మా బొక్కలల్ల ఫ్లోరైడ్ ఉంటది. మా నాయనకు గూడ గంతే."

"ఆ మాట డాక్టరు గారు చెప్పారా?"

"ఆయన ఏ ఊరని అడిగిండు. చెప్పినంక ఇంకేం అడగలే."

నేనూ అడగలేదు. అక్కడి నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేస్తుందని అందరికీ తెలిసిందే. ఊరి పేరు వినగానే నొప్పికి కారణం దొరికిపోయింది, డాక్టరుకూ నాకూ.

లివర్ పరీక్షలో రక్తంలోని మొత్తం ప్రోటీన్‌ను కూడా కొలుస్తాం. ఆరుకూ ఎనిమిదికీ మధ్య ఉండాల్సింది సైదులుకు పది దాటింది. అదే సీరంతో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలిన పసుపు ద్రవంతో, ఇంకోసారి చేయించాను. అదే అంకె. రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే ప్రోటీన్ కాస్త పెరుగుతుంది. ఎండాకాలం, ఒంట్లో నీళ్లు తగ్గినా పెరుగుతుంది. పద్మను నాలుగు మాటలు అన్నాను, ఆ పిల్ల తప్పేమీ లేకపోయినా. తర్వాత మా వృత్తిలో అందరం దాక్కునే వాక్యం ఒకటి రిపోర్టు కింద రాశాను: "రోగి లక్షణాలతో పోల్చి చూసుకోగలరు." అంటే, నాకు అర్థం కాలేదు, అడిగే ఓపిక లేదు, ఇక మీ తలనొప్పి అని.

నేను చూడనిది ఇంకోటుంది. చూసి వదిలేశాను అనాలి. పట్టీ బిగిసినా, నీళ్లు తగ్గినా అల్బుమిన్ అనే ముఖ్యమైన ప్రోటీన్ కూడా పెరగాలి. సైదులుకు అది తగ్గింది. మరి పెరిగిందంతా ఏమిటి? ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లయినా వేసే ప్రశ్న. ఆ పూట నా ముందు నూట పాతిక రిపోర్టులున్నాయి. సాకు కాదు, ఉన్నాయి, అంతే.

డిసెంబరులో అతన్ని భార్య అంజమ్మ భుజం పట్టుకుని నడిపించుకొచ్చింది. అతని మొహం ఉబ్బింది. ఈసారి కిడ్నీ పరీక్ష.

"మేడమ్, సీరం జిగురుగా ఉంది. మెషీన్ గొట్టం మూసుకుపోతోంది" అంది పద్మ.

అప్పుడు పాత రిపోర్టు తెరిచాను. ఎవరూ రాయకపోయినా ఎలక్ట్రోఫోరెసిస్ పెట్టాను. పల్చటి జెల్ పలక మీద ఒక చుక్క సీరం వేసి కరెంటు పంపిస్తే, ప్రోటీన్లు వాటి విద్యుదావేశాన్ని బట్టి ఒకటి ముందు, ఒకటి వెనక నడుస్తాయి. రంగు వేస్తే చారలుగా కనిపిస్తాయి. యాంటీబాడీలు ఉండేచోట మామూలుగా మసక పూత ఉంటుంది, అవి వేల రకాలు కాబట్టి. సైదులు జెల్‌లో అక్కడ కత్తితో గీసినట్టు ఒకే గీత. చెడిపోయిన ఒకే జాతి కణాలు ఒకే ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి పోస్తున్నాయి. ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్ అది, మైలోమా అంటారు. పూర్తిగా నయం కాదు. కానీ ముందే తెలిస్తే, మందులతో ఏళ్ల తరబడి బతుకుతున్నవాళ్లున్నారు. సైదులుకు అప్పటికే కిడ్నీలు పోయాయి, వెన్నుపూసలు రెండు కుంగాయి. డాక్టరుకు ఫోన్ చేశాను. మజ్జ పరీక్షలో అదే తేలింది.

ఏప్రిల్ నాటి సీరాన్ని తీసి చూద్దామనిపించింది. మేం శాంపిళ్లను వారం ఉంచి పారేస్తాం.

పెద్దాసుపత్రిలో మందులు, డయాలిసిస్. మరుసటి ఏడాది సెప్టెంబరులో పోయాడు. ఇంకో రెండు నెలలకు అంజమ్మ తన షుగర్ పరీక్షకు వచ్చింది. చీటీ కోసం సంచీలోని కాగితాలన్నీ నా బల్ల మీద పరిచింది. అందులో మా ఏప్రిల్ రిపోర్టు ఉంది.

"గీ అంకెలు లావుగెందుకున్నయ్ మేడమ్? తక్కినయి సన్నగున్నయ్ గదా."

"ఉండాల్సినట్టు లేకపోతే కంప్యూటర్ అలా అచ్చు వేస్తుందమ్మా."

"అంటే గప్పుడే ఎరికైందా?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వీలు దొరికింది. "అంకె వచ్చింది. తప్పు నాదే అంజమ్మా, నేను నమ్మలేదు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, నాకు జవాబు చెప్పడం వచ్చు. "ఒక్క ఫోన్ జేస్తే ఉరికొస్తుండె మేడమ్. గప్పటికి నడుస్తుండె ఆయన" అంది. కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని, తన రిపోర్టు ఎన్ని గంటలకిస్తారని అడిగింది.

ఇప్పుడు నా బల్ల దగ్గర ప్రోటీన్ పెరిగి అల్బుమిన్ తగ్గిన రిపోర్టు ఏదీ ఫోన్ చేయకుండా కదలదు. ఊరి పేరును రోగనిర్ధారణ అనుకోవడమూ మానేశాను. ఆ కేసు నేర్పింది ఇంతే.

కానీ అది నా బల్ల ఒక్కదాని సంగతి. ప్రతి ల్యాబ్‌లో వెంటనే ఫోన్ చేయాల్సిన అంకెల జాబితా ఒకటి గోడకు ఉంటుంది: పొటాషియం, గ్లూకోజ్, ఇంకొన్ని. ఇలాంటి ప్రోటీన్ అంకెనూ చేర్చమని మా పెద్ద డాక్టరుతో మూడు మీటింగుల్లో పోట్లాడాను. "గంటల్లో ప్రాణం తీసేవాటికే మేడమ్ ఆ జాబితా" అంటారాయన.

సరే. నెలలు తీసుకుని చంపేవాటికి ఫోన్ ఎవరు చేయాలి?