మలికా హోటల్ మకాం మార్చింది

పాల్వంచలో మెయిన్ రోడ్డు వెనక సందు మొదట్లో ఉండేది మలికా హోటల్. హోటలంటే రేకుల కప్పు, రెండు బెంచీలు, ఒక పొయ్యి. ప్రమాదంలో కాలు విరిగి భర్త జానీ మియా లారీ స్టీరింగ్ వదిలేశాక ఇల్లు నడిచింది ఆ పొయ్యి మీదే. మలికా అల్లం చాయ్‌కి, థర్మల్ ప్లాంటు నుంచి బూడిద మోసే లారీల డ్రైవర్లలో పేరుంది. లోడింగుకు వంతు వచ్చేదాకా వాళ్లు బండ్లను ఆ సందులోనే నిలిపి, చాయ్ తాగి, లారీ నీడన కునుకు తీసేవారు.

ఇళ్ల మధ్య భారీ వాహనాలు నిలపరాదని మున్సిపాలిటీ బోర్డు పాతింది. వారం తిరక్కుండానే రివర్సులో వచ్చిన ఓ లారీ దాన్ని వంచేసింది. వార్డు ఆఫీసర్ సాయికృష్ణ జరిమానా రాసినప్పుడు బండ్లు కదిలేవి. ఆయన బైకు మలుపు తిరగ్గానే మళ్లీ వచ్చి చేరేవి. లారీల కోసమని బైపాస్ పక్కన చదును చేసిన జాగాలో మేకలు మేసేవి.

ఎదురింటి బతుకమ్మ కోడలికి నొప్పులొచ్చిన రోజు, లారీలు అడ్డమై 108 అంబులెన్సు సందు బయటే ఆగిపోయింది. ఆ పిల్ల ఒక్కో లారీ బంపర్ పట్టుకుని ఆగుతూ, రోడ్డుదాకా నడవాల్సి వచ్చింది. కాన్పు సుఖంగానే అయింది, ఆడపిల్ల. బతుకమ్మ కోపం మాత్రం చల్లారలేదు. మర్నాడు సందు జనాన్నీ సాయికృష్ణనూ వెంటబెట్టుకుని హోటల్ ముందు నిలబడింది.

“బండ్లు నా మొఖం చూసి వస్తున్నయా మలికా? నీ చాయ్‌కి వస్తున్నయ్. సార్, ముందుగాల ఈ పొయ్యి ఆర్పియ్యుండ్రి!”

“పొయ్యి ఆర్పితే మేం తినేదేందక్కా, నీ తిట్లా?”

“అవ్, రోజూ వడ్డిస్తనే ఉన్న గద!”

జనం నవ్వారు. మలికా కూడా నవ్వబోయి ఆగింది. బతుకమ్మ మాటలో అబద్ధం లేదు. ఆ పిల్ల చివరగా పట్టుకున్న బంపర్ తన బెంచీ పక్కదే. వారంలో సందు ఖాళీ కాకపోతే హోటల్ తీసేయిస్తానని సాయికృష్ణ తేల్చేశాడు.

“బైపాస్ కాడ అంత జాగా ఉన్నది. ఆడికెందుకు పోరో వీళ్లు!” అన్నాడు విసుగ్గా.

“జాగా చూసి ఏ డ్రైవరన్నా ఆగుతడా సార్? నీళ్లుండాలె, నడుం వాల్చనీకి నీడుండాలె, చాయుండాలె. మీరు నల్లా పెట్టియ్యుండ్రి. పొయ్యి నేను పట్టుకొస్త.”

జానీ మియా నెత్తి కొట్టుకున్నాడు. “నడుస్తున్న హోటల్ తీస్కపోయి మేకలకు చాయ్ పోస్తవా?”

“మేకలైతే చక్కెర తక్కువైందని వంక పెట్టవు.”

సాయికృష్ణ నల్లా పెట్టించగానే మలికా పొయ్యి, బెంచీలు, రేకులు ట్రాలీ ఆటోకెక్కించి బైపాస్‌కు వెళ్లిపోయింది. మొదటి రోజు ఒక్కరూ రాలేదు. కాచిన పాలు మీగడ కట్టాయి. జానీ మియా గ్లాసులు కడిగి బోర్లించాడు. తిట్టినా బాగుండుననిపించింది మలికాకు.

రెండో రోజు పొద్దెక్కాక హారన్ మోగింది. పాత గిరాకీ సీతయ్య, లారీ దిగుతూనే అరిచాడు.

“ఏంది చెల్లె, గిట్ల చేసినవ్! సందులకు పోతే నువ్వు లేవు. ఆ బతుకమ్మ చీపురు పట్టుకొని కూసున్నది. చాయేది అంటే ‘దా, పోస్త’ అంటది! నలుగుర్ని అడిగి ఇటొచ్చిన.”

చాయ్ తాగాడు. నల్లా కింద స్నానం చేశాడు. రేకుల నీడన కునుకు తీసి లేచి, ఫోన్ అందుకున్నాడు. “అరేయ్, సందులకు పోకుండ్రి. హోటల్ ఈడున్నది. తానానికి నీళ్లు గూడ ఉన్నయ్, జల్దీ రాండ్రి.”

సాయంత్రానికి లారీలు వరస కట్టాయి. గడువు నాడు సాయికృష్ణ వచ్చేసరికి సందులో ఒక్క బండి లేదు. బైపాస్ దగ్గర మాత్రం జానీ మియా చేతికర్ర పైకెత్తి, లారీలను వరసలో పెట్టిస్తూ కేకలు పెడుతున్నాడు: “రానీ, రానీ... కట్ చెయ్... బస్!” అన్నేళ్లకు ఆ గొంతులో పాత డ్రైవర్ దర్జా పలికింది.

తర్వాత బతుకమ్మే ఆటో దిగి వచ్చింది. “మనవరాలి తొట్టెల ఫంక్షన్. చాయ్ నీదే.”

“నా పొయ్యి ఆర్పమన్నవ్ గద అక్కా?”

“మా సందులది ఆర్పమన్న. ఈడిది ఎవరార్పమన్నరే!”

ఫంక్షన్ రోజు చాయ్ క్యాన్లు పెట్టుకుని మలికా ట్రాలీ ఆటోలో బయలుదేరింది. సందు మొదట్లో, వంగిన బోర్డు పక్కన, ఆటోవాలా అలవాటుగా బ్రేకేశాడు.

“ఎందుకాపినవ్? పోనియ్,” అంది మలికా. “గడప దాకా పోనియ్.”