పెట్టె మార్చేరన్న మాట

లెక్కలు నేను బడిలో నేర్చుకోలేదు, మలికిపురంలో కొబ్బరి దింపుల దగ్గర నేర్చుకున్నాను. ఎవరు ఏ అంకె చెప్పినా అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగడం అప్పటి అలవాటే. యోగశాస్త్రం సొంతంగా చదువుకుంటున్నప్పుడు మనసు గురించీ అదే ప్రశ్న కనబడింది. నీకు తెలుసంటున్నావే, చూశావా, గుర్తుల్ని బట్టి తేల్చుకున్నావా, నమ్మదగినవాళ్ళు చెప్పారా? ఏదీ కాకపోతే అది వట్టి మాట మీద నడిచే తలపు. దాని పేరు వికల్పం.

ఎనభైల్లో మా బావగారు సర్పంచి పదవికి నిలబడ్డారు. బళ్ళో పోలింగు అయిపోయింది. అమలాపురం నుంచి ఎన్నికల డ్యూటీకి వచ్చిన కుర్ర మాస్టారు, లెక్కింపుకి ముందు భోజనం చేద్దామని బడి తలుపు వేసుకున్నారు. లోపల ఓట్ల పెట్టె మార్చేస్తున్నారని పుకారు లేచింది. చూస్తూండగానే మావాళ్ళంతా బడి ముందు చేరారు. ఒకడి చేతిలో కొబ్బరికాయలు ఒలిచే గునపం ఉంది.

"తలుపు బద్దలుకొట్టండెహె! ఆడు బైటికి రావాలి!"

ఉన్న ఒక్క కానిస్టేబులూ గోడకు అంటుకుపోయాడు. అరుగు మీద బావగారు పళ్ళు బిగించి నిలబడ్డారు. ఆయన తల ఊపితే చాలు, మాస్టారు ప్రాణాలతో బయటపడరు.

గునపం పట్టుకున్నవాణ్ణి అడిగాను. "నువ్వు చూసేవా?"

"నేనెక్కడ చూసేనండీ? టీ కొట్టాయన చెప్పేడు."

టీ కొట్టాయన పక్కనే ఉన్నాడు. "ఆయ్, నాకు సైకిలు షాపాయన చెప్పేడండి."

సైకిలు షాపాయన బావగారి వైపు చూశాడు. "పొద్దున్న తమరే అన్నారు కదండీ."

"నేనా?"

"ఆయ్. టీ తాగుతా అన్నారండి. మనం ఓడేమంటే పెట్టె మార్చేరన్నమాటే అని."

పొద్దున ఆయన నోట్లోంచి జారిన భయమే ఊరంతా తిరిగి, వార్తయి ఆయన చెవినే పడింది. తన గొంతు తనే గుర్తుపట్టలేదు.

"మనిద్దరం లోపలికెళ్ళి పెట్టె సీలు చూద్దాం బావగారూ," అన్నాను.

"సీలు బాగుంటే?"

"బాగుంటే, ఓడినా నిజంగా ఓడినట్టేనండి."

"నువ్వెవరి వైపోయ్?" అన్నారు. ఆ మాట అంటూనే గునపం లాక్కుని గోడకి ఆనించి, తలుపు తట్టారు.

మాస్టారి విస్తట్లో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. బావగారు సీలు చేత్తో తడిమి మరీ చూశారు. చెక్కు చెదరలేదు. సాయంత్రానికి ఓడిపోయారు. మాస్టారిని మావాళ్ళే పడవ రేవు దాకా దింపి వచ్చారు.

రెండేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో, భోజనాల బంతిలో, బావగారి గొంతు వినబడింది.

"ఆ రోజు పెట్టె మార్చేరు."

చుట్టూ కూర్చున్నవాళ్ళు "ఆయ్" అన్నారు.