గడ్డిపరక పెట్టిన క్రేట్లు: తిరుపతికి నా ఇంటర్వ్యూ ప్రయాణం

నలభై ఆరేళ్ళ వయసులో టెక్నాలజీ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేస్తానంటే మా ఆయన నవ్వలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. పెద్ద సహాయం కూడా ఏమీ చేయలేదు, అది వేరే సంగతి.

నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇంజనీరును. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. అక్కడ కొత్త యూనిట్ ఒకటి కడుతున్నారు, అంతా కంప్యూటర్లే నడుపుతాయట. దానికి పెద్ద అధికారిగా ఉండాలంటే ఈ చదువు కావాలనీ, ఈ ఏడు నేను చేరకపోతే బయటి మనిషిని తెచ్చుకుంటామనీ యజమాని తేల్చి చెప్పాడు. అంటే ఆ వచ్చినాయనకు ఏది కాయో ఏది పండో నేనే నేర్పించి, మళ్ళీ ఆయన కిందే పనిచేయాలి. తిరుపతిలో వారాంతపు తరగతుల కోర్సు ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. శనివారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

ఉదయం ఆరున్నరకు చిత్తూరు బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమే గాని ఆధార్ కార్డు చూపించాలి. ఫోనులో ఫొటో చూపిస్తే కండక్టరమ్మ ఒప్పుకోలేదు. ఎందుకు చాలదో చెప్పమని వాదనకు దిగాను.

"మేడమ్, బస్సు నిండా జనం ఉండారు. అందరితో ఇట్ల మాట్లాడుకుంటా పోతే తిరపతి వచ్చేస్తాది," అంది.

బ్యాగు అడుగున ఉన్న కార్డు తీసి సున్నా టికెట్ పుచ్చుకున్నాను. మీరు వచ్చేటప్పుడు కార్డు పైనే పెట్టుకోండి.

పక్క సీటులో ఒక పెద్దావిడ, ఒళ్ళో సంచి. తిరుచానూరు అమ్మవారికి చీర తీసుకుపోతోంది.

"యాడికి మా?" అంది.

"కాలేజీలో ఇంటర్వ్యూ ఉంది."

"మీ పాపకా?"

"నాకే."

నన్ను ఒకసారి కిందికీ పైకీ చూసింది. "సదువుకో మా. మా కోడలు పదోతరగతికే సాలనుకునింది. నువ్వింకా అనుకోలేదు," అని సంచిలోంచి ఉడకబెట్టిన శెనక్కాయలు దోసెడు తీసి నా ఫైలు మీద పోసింది. చంద్రగిరి దాటేదాకా ఇద్దరం ఒలుచుకుంటూనే ఉన్నాం. ఫైలు అట్ట తడిసింది. అయినా ఆ పొద్దు నాకు ధైర్యం ఇచ్చిన మొదటి మనిషి ఆవిడే.

తొమ్మిదికి ముందే తిరుపతిలో దిగాం. బస్టాండు ఎదుట ఇడ్లీ, వడ, కాఫీ. కాఫీ బాగుంది, వడ నిన్నటిది. కాలేజీ తిరుచానూరు దారిలో ఉంది. షేర్ ఆటోవాళ్ళు అందరినీ గుడికే అనుకుంటారు, ఎక్కకముందే కాలేజీ గేటు దగ్గర ఆపాలని గట్టిగా చెప్పండి.

పదకొండు గంటల ఇంటర్వ్యూ పన్నెండుంబావుకు వచ్చింది. లోపల ముగ్గురు. మధ్యలో కూర్చున్న మేడమ్ నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. నేను చేసిన మంచి పనులన్నీ వరుసగా చదువుకుని పోయాను. ఆమె వాటి జోలికే పోలేదు.

"మీరు తెచ్చిన కొత్త పద్ధతి ఏదైనా దెబ్బతిన్నదా?" అంది.

"దెబ్బతిన్నది. యంత్రం తప్పు లేదు."

"మరి ఎవరి తప్పు?"

పనివాళ్ళ అలవాట్లు అని మొదలుపెట్టాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. ఆ పెన్నును చూస్తే నా నోటికి అబద్ధం రాలేదు. ఉన్నది చెప్పాను.

మా ఫ్యాక్టరీలో తోతాపురి కాయల్ని క్రేట్లలో మాగబెడతాం. మునెమ్మ అనే పెద్దావిడ, ఆమె వెంట ఉన్న ఆడవాళ్ళు కొన్ని క్రేట్లకు ఎండుగడ్డి పరక గుచ్చేవాళ్ళు. శుభ్రత తనిఖీ వస్తోందని ఆ గడ్డంతా నేను తీయించేశాను. దాని బదులు కాయ వచ్చిన రోజు, గంట చెప్పే స్టిక్కర్లు అంటించాను. ఏ క్రేటు ముందు కోయాలో ఇక కంప్యూటరే చెప్పింది. ఆ వారం మూడు ట్యాంకుల గుజ్జు పుల్లగా ఉందని వెనక్కి వచ్చింది. గడ్డిపరక ఉంటే బోరునీళ్ళు పారిన తోట కాయ అని గుర్తు. అది వానకు వదిలేసిన తోట కాయ కన్నా నిదానంగా పండుతుంది. నా కంప్యూటరులో ఏ తోట కాయో రాసే గడి లేదు, వచ్చిన రోజు చూసి పండని కాయనే కోయించింది.

"మునెమ్మ మీకు చెప్పలేదా?"

"చెప్పబోయింది. నీ పని నువ్వు చూసుకో అన్నాను."

"తర్వాత?"

"ఆమెను అడిగి ఆ గడి కలిపాను. ఇప్పుడు ఆమె కాయను బొటనవేలితో నొక్కి చెబుతుంది, ఒక అమ్మాయి కంప్యూటరులో ఎక్కిస్తుంది. కొత్త యూనిట్‌కు బయటి మనిషి వస్తే ముందు ఆ గడే తీసేస్తాడు. నాకు సీటు కావలసింది అందుకు."

ఆమె పెన్ను తీసుకుని ఏదో రాసుకుని, ఇక వెళ్ళమంది. సీటు పోయిందనుకుని బయటికి వచ్చాను.

రెండున్నరకు జాబితా అంటించారు. నా పేరు ఉంది. రెండోసారి చదివాను, మూడోసారి వేలు పెట్టి చదివాను. ఆఫీసులో గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు. పనిచేసే చోట ప్రాజెక్టుకు మార్గదర్శి ఎవరో పేరు, చదువు, సంతకంతో వచ్చే శనివారం ఇవ్వాలి.

"మేనేజరు పేరే రాయాలా?" అన్నాను.

"మీకు పని తెలిపే మనిషి ఎవరైనా సరే మేడమ్. నాకు గళ్ళు నిండితే సాలు," అన్నాడు.

మూడు నలభైకి చిత్తూరు బస్సు దొరికింది, కిటికీ పక్క సీటుతో సహా. ఆ రోజు నేను ఎక్కిన బస్సు, తిన్న శెనక్కాయలు, సమాధానం కోసం ఆగిన ఆ మేడమ్, అన్నీ నా మంచికే కలిసొచ్చాయి. ఊరు దాటగానే ఫారం ఒళ్ళో పెట్టుకుని మునెమ్మకు ఫోన్ చేసి ఇంటిపేరు అడిగాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

"ఇంటిపేరెందుకు మేడమ్, పోలీసు కేసా?"

ఫారంలో మార్గదర్శిగా ఆమె పేరే రాస్తున్నానని చెప్పాను. వెనక అరుస్తున్న కోళ్ళను అదిలించింది.

"సదువు కాడ ఏం రాస్తా ఉండావు?"

"రెండో తరగతి."

"మూడు. పరీచ్చ కూడా రాసినా."

"నువ్వే ఒకసారి రెండన్నావు గదా."

"సూసినావా, ఇప్పుడూ వాదిస్తావు."

మూడు అని రాశాను. ఆ ఏడు గడ్డి తీయించడం నా తప్పేనని కూడా అప్పుడే చెప్పాను. పాకాల దగ్గర సిగ్నల్ పోయి మాట తెగితే మళ్ళీ చేసి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.

"ఇన్నాను లే, ఒకసారి సాలు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "సంతకం పెట్టి శానా ఏండ్లయింది. వంకరపోతాది. ఇంకో రెండు కాగితాలు ఎక్కువ తే, రాసి సూసుకుంటా."

చిత్తూరులో దిగి, ఇంటికి పోకముందే ఆ ఫారానికి ఐదు జిరాక్సులు తీయించాను.